అరచేతి గడ్డకు సార్కోమా వైద్యం: నల్గొండ జిల్లా నుంచి వెళ్లిన ఒక కుటుంబం సమీక్ష

మా బావమరిది గట్టుప్పల్‌లో మగ్గం నేస్తాడు. అతని కుడి అరచేతిలో, ఉంగరపు వేలి మొదట్లో వచ్చిన గడ్డ ఎపిథీలియాయిడ్ సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ అని తేలిన తరువాత, హైదరాబాదులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో, ఎముకలకూ కండరాలకూ వచ్చే కణితులను చూసే విభాగంలో, పరీక్షలు మొదలుకొని ఆపరేషను, రేడియేషను, ఫిజియోథెరపీ దాకా అన్నీ చేయించాము. ఈ సమీక్ష ఆ విభాగం అందించిన సేవ గురించి. మంచితోపాటు లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి ఆ ఆసుపత్రి పేరు గానీ, అంతకుముందు మేము తిరిగిన చోట్ల పేర్లు గానీ ఇవ్వడం లేదు. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపుల నుంచి ఇలాంటి గడ్డతో బయలుదేరేవాళ్లు ఏ ఆసుపత్రికి వెళ్లినా అక్కడ ఏమేమి అడగాలో తెలుసుకోవడానికి పేర్లు అవసరం లేదు. నేను ఈ విభాగానికి ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఆ నాలుగింటిలో ఎక్కువ భాగం ఆపరేషనుకు ముందు వాళ్లు తీసుకున్న శ్రద్ధకే దక్కుతుంది.

గడ్డ మొదట కందిగింజంత ఉండేది. నొప్పి లేదు. మగ్గం పలక కొట్టే చేతికి, చిటికి కట్టే (రంగు అద్దే ముందు పోగులకు ముడులు వేసే) వేళ్లకు కాయలు కాయడం నేతపనివాళ్ల ఇళ్లలో వింతేమీ కాదు గనుక చాలాకాలం ఎవరమూ పట్టించుకోలేదు. అది మెల్లగా గట్టిపడి, పైచర్మం చిట్లి, మానని పుండుగా మారిన తరువాత పట్టణంలోని ఒక నర్సింగ్‌హోమ్‌లో చూపిస్తే, నరం మీద నీటిబుడగలాంటిదని చెప్పి, స్కానింగు ఏదీ తీయించకుండానే, అరచేతి గీతకు సమాంతరంగా అడ్డంగా కోసి, దొరికినంత మేరకు ముక్కలుగా తీసివేశారు. తీసినదానిలో ఒక ముక్క మాత్రమే ల్యాబుకు వెళ్లింది. అక్కడి రిపోర్టులో గ్రాన్యులోమా (వాపు కణాలు గుంపుగా చేరిన చిన్న గడ్డ) ఉన్నదని, మధ్యలో కణజాలం కుళ్లినట్టు కనబడుతున్నదని, టీబీ కావచ్చని రాశారు. దాని మీద టీబీ మాత్రలు మొదలుపెట్టారు. మాత్రలు నడుస్తుండగానే పాత మచ్చ పక్కన మరో గట్టి గడ్డ తేలింది.

ఇక్కడ ఆ డాక్టరు వైపు నుంచి చెప్పవలసింది కూడా ఉంది. చేతికి వచ్చే గడ్డల్లో అత్యధికం హాని లేనివే. గ్యాంగ్లియాన్ అనే ద్రవం నిండిన బుడగ అన్నిటికంటే సామాన్యమైనది, ఆ తరువాతి స్థానం స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తొడుగు నుంచి పుట్టే జెయింట్ సెల్ ట్యూమరుది. అది కూడా క్యాన్సర్ కాదు. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లన్నింటిలో మృదుకణజాల సార్కోమాలు, అంటే కండ, కొవ్వు వంటి మెత్తటి భాగాల్లో పుట్టేవి, దాదాపు ఒక శాతం మాత్రమే, అందులో చేతికి వచ్చేవి ఇంకా కొద్ది. జిల్లా కేంద్రంలో ఏళ్ల తరబడి ప్రాక్టీసు చేసే డాక్టరుకు ఒక్కటి కూడా ఎదురుపడకపోవచ్చు. ల్యాబు పొరపాటు కూడా అంత విడ్డూరమైనది కాదు. ఎన్‌జింగర్ అనే అమెరికన్ పాథాలజిస్టు 1970లో ఈ జబ్బును విడిగా గుర్తించి పేరు పెట్టినప్పుడే, ఇది గ్రాన్యులోమాలా కనిపించి మోసం చేస్తుందని స్పష్టంగా రాశాడు. టీబీ ఇంతగా ఉన్న మన దేశంలో ఆ మోసానికి లోబడటం మరీ సులభం. అయినా నేను ఒక విషయంలో మాత్రం సర్దుకుపోలేను. గ్యాంగ్లియాన్ అయితే టార్చిలైటు వెలుగు దానిగుండా పారుతుంది, అల్ట్రాసౌండులో ద్రవం కనిపిస్తుంది. ఈ రెండు పరీక్షలకు ఐదు నిమిషాలు, కొద్దిపాటి డబ్బు చాలు. అవి చేయకుండా గట్టి గడ్డను కోయడం వల్ల ఏమి నష్టం జరిగిందో హైదరాబాదు వెళ్లిన తరువాతే మాకు తెలిసింది.

ఆ విభాగంలో మొదటి రోజున సర్జన్ గారు గడ్డను, మోచేతి లోపలి వైపును, చంకను తడిమి చూసి, పాత రిపోర్టు చదివి, ఆపరేషను మాట ఎత్తకుండా రెండు పనులు చెప్పారు. ఒకటి, ఎమ్మారై. రెండవది, మొదటి ల్యాబు నుంచి గాజు స్లైడ్లతోపాటు మైనపు బ్లాకులు తెచ్చివ్వడం. ఈ రెండవది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. బయాప్సీ ముక్కను మైనంలో పోసి చిన్న దిమ్మగా చేసి, దాని నుంచి పలుచని పొరలు కోసి స్లైడ్ల మీద పరుస్తారు. స్లైడు ఒక్కసారి కోసిన పొర మాత్రమే, కొత్త పరీక్షలు చేయాలంటే బ్లాకు ఉండాలి. అది రోగికి సంబంధించినది, రాతపూర్వకంగా అడిగితే ల్యాబువాళ్లు ఇస్తారు. మాకు కూడా కొంత నసిగిన తరువాతే ఇచ్చారు. అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ డబ్బీలో తెల్లటి మైనం, దాని మధ్యలో గోరంత గోధుమరంగు మచ్చ: ఆ మచ్చను చొక్కా జేబులో పెట్టుకుని నేను నార్కట్‌పల్లి మీదుగా బస్సులో తీసుకుపోయాను. ఎండకు మైనం మెత్తబడకుండా చూసుకోవాలని ల్యాబు కుర్రవాడు చెప్పిన మాట గుర్తుపెట్టుకోవలసినదే.

ఎమ్మారై విషయంలో వాళ్లు పట్టుదలగా ఉన్నారు. బయాప్సీకి ముందే తీయాలి, ఎందుకంటే సూది గుచ్చిన తరువాత రక్తం చేరి, వాపు వచ్చి, కణితి అసలు హద్దు ఎక్కడో తెలియకుండా పోతుంది. అరచేయి ఒక్కటే తీస్తే సరిపోదు, మోచేయి దాకా తీయాలి. ఈ జబ్బు గుండ్రంగా ఒకచోట కూర్చోకుండా స్నాయువుల తొడుగుల వెంబడి, కండరాల మీది పొరల వెంబడి పైకి పాకుతుంది. చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేళ్ల స్నాయువు తొడుగులు మామూలుగా అరచేతిలోనే ముగుస్తాయి, చిటికెన వేలి తొడుగు, బొటనవేలి తొడుగు మాత్రం మణికట్టు దాకా కొనసాగుతాయి. కాబట్టి గడ్డ ఒక సెంటీమీటరు ఇటు ఉన్నదా అటు ఉన్నదా అనేదాని మీద ఎంత చేయి మిగులుతుందనేది ఆధారపడి ఉండవచ్చు. ఈ సంగతిని అక్కడి రేడియాలజిస్టు తెరమీద వేలుపెట్టి చూపించి చెప్పారు. సార్కోమా మొదట ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి ఛాతీకి సీటీ స్కాను, చంక వంటి చోట్ల ఉండే శోషరస (లింఫు) గ్రంథులకు అల్ట్రాసౌండు కూడా ఇదే వారంలో చేయించారు. చాలా సార్కోమాలు గ్రంథుల జోలికి పోవు, ఎపిథీలియాయిడ్ సార్కోమా, క్లియర్ సెల్ సార్కోమా వంటి కొన్ని మాత్రం పోతాయి. చేతికి వచ్చేవాటిలో ఈ రెండూ ఉండటం వల్ల చంకను మరచిపోకూడదు.

బయాప్సీ అంటే ఒక ముక్క తీయడమే కదా, దానికింత ఆలోచన ఎందుకని నాకు అనిపించింది. అయితే ఈ విభాగం నుంచి నేను నేర్చుకున్నవాటిలో ముఖ్యమైనది ఇదే. సార్కోమా అనుమానం ఉన్నచోట సూది పోయిన దారి అంతా కణితి కణాలు అంటుకున్న దారిగానే లెక్క, తరువాత ఆపరేషనులో ఆ దారిని కూడా చర్మంతో సహా తీసివేయాలి. అందువల్ల చివరి ఆపరేషను చేయబోయే సర్జనే బయాప్సీ ఎక్కడ చేయాలో నిర్ణయించాలి, చేతికీ కాలికీ కోత పెడితే అవయవం పొడుగు వెంబడి పెట్టాలి గానీ అడ్డంగా పెట్టకూడదు. మా బావమరిది అరచేతిలో పాత మచ్చ అడ్డంగా ఉంది. సర్జన్ గారు ఊదారంగు మార్కరుతో మొదట గడ్డ చుట్టూ ఒక గీత గీశారు, అది రూపాయి బిళ్ళకన్నా కొంచెం పెద్దది. తరువాత పాత మచ్చనూ, కుట్ల గుర్తులనూ, అప్పట్లో రక్తం పేరుకుని నల్లబడ్డ చోటునూ కలుపుతూ మరో గీత గీశారు. ఆ రెండవ గీత మధ్యవేలి మొదలు నుంచి చిటికెన వేలి కింది మెత్తటి కండ దాకా సాగింది. ఈ తేడా అంతా మొదటి కోత వల్లే వచ్చిందని ఆయన ఎవరినీ నిందించకుండా చెప్పారు. మా బావమరిది ఆ రెండు గీతల వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

బయాప్సీని లావుపాటి సూదితో, పాత మచ్చలోనుంచే చేశారు. పాథాలజీ రిపోర్టు రావడానికి మాత్రం మాకు ఓపిక చచ్చేంత సమయం పట్టింది. మామూలు రంగులతో చూసిన మీదట ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే ప్రత్యేక పరీక్షలు చేయాలి. కెరాటిన్, ఈఎమ్ఏ, సీడీ34 వంటి ప్రోటీన్లను ఒక్కొక్కటిగా చూసి, చివరకు ఐఎన్ఐ1 అనే ప్రోటీను కణాల్లో ఉన్నదా పోయిందా అని చూస్తారు. ఎపిథీలియాయిడ్ సార్కోమాల్లో నూటికి తొంభైకి పైగా కేసుల్లో అది పోయి ఉంటుంది. అక్కడి పీజీ డాక్టరు ఒకరు నేను అడిగితే మైక్రోస్కోపు తెరమీద చూపించారు. రక్తనాళాల గోడల్లోని మామూలు కణాల కేంద్రకాలు గోధుమరంగు పట్టి ఉన్నాయి, వాటి చుట్టూ గుంపులుగా ఉన్న కణితి కణాల కేంద్రకాలు ఆ రంగు పట్టక వట్టి నీలంగా ఉన్నాయి. అదే పరీక్షను మేము తెచ్చిన పాత బ్లాకు మీద చేస్తే అక్కడా అదే వచ్చింది. అంటే టీబీ అన్న మొదటి ముక్కలోనే జబ్బు ఉంది. టీబీ మాత్రలు ఆ రోజే ఆపించారు. ఈ పరీక్షల సామర్థ్యానికి పూర్తి మార్కులు, రిపోర్టు ఎప్పుడు వస్తుందో ఫోనులో చెప్పే నాథుడు లేక ప్రతిసారీ వంద కిలోమీటర్లు వచ్చి కిటికీ దగ్గర అడగవలసి రావడానికి సున్నా మార్కులు.

తరువాత ట్యూమర్ బోర్డు. సర్జను, ప్లాస్టిక్ సర్జను, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, రేడియేషను డాక్టరు, మందుల డాక్టరు ఒకచోట కూర్చుని ఒక్కొక్క కేసు మాట్లాడుకుంటారు. రోగిని లోపలికి పిలిచి చేయి చూశారు, మమ్మల్ని కూడా చివర్లో పిలిచి ప్రశ్నలు అడగనిచ్చారు. చేయి మణికట్టు దగ్గర తీసేస్తే పూర్తిగా నయమవుతుందా అని మా అత్తగారు నేరుగా అడిగారు. దానికి రేడియేషను డాక్టరు చెప్పిన జవాబు నాకు నచ్చింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో చేసి 1982లో ప్రచురించిన పరిశోధనలో కాళ్లు, చేతుల సార్కోమా రోగులు 43 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి అవయవం పూర్తిగా తీసివేశారు, మరో వర్గానికి అవయవం ఉంచి కణితిని మాత్రం తీసి రేడియేషను ఇచ్చారు, బతికే అవకాశంలో ఇరువర్గాల మధ్య తేడా కనబడలేదు. అది చెప్పి ఆగకుండా, తొడలో కణితి చుట్టూ తీసివేయడానికి కండ ఉంటుందనీ, అరచేతిలో ఒక నరానికీ మరో స్నాయువుకూ మధ్య మిల్లీమీటర్లే ఉంటాయనీ, కాబట్టి ఆ పరిశోధన ఫలితాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదనీ ఆవిడే జోడించారు. తెలిసినదాని హద్దును కూడా రోగికి చెప్పే డాక్టర్లు అరుదు.

నిర్ణయించినది ఏమిటంటే, ఉంగరపు వేలిని అరచేతిలోని దాని ఎముకతో సహా తీసివేయడం, దానితోపాటు రెండవ గీత లోపలి చర్మం, కింది పొర మొత్తం ఒకే ముక్కగా తీయడం, కణితి నుంచి ద్రవం మొదట చేరే చంకలోని గ్రంథిని రంగు ఎక్కించి గుర్తించి పరీక్షకు తీయడం, ఖాళీ అయిన అరచేతిని తొడ నుంచి రక్తనాళంతో సహా తెచ్చిన చర్మంతో కప్పడం. ముంజేతి చర్మం దగ్గరగానే ఉంది కదా, తొడ ఎందుకని అడిగితే, జబ్బు మళ్లీ వస్తే పాకేది ముంజేతి వైపే కాబట్టి అక్కడి పొరలను ఇప్పుడు కెలకకూడదన్నారు. రేడియేషను ముందు ఇవ్వాలా తరువాత ఇవ్వాలా అనేదానిపై వాళ్లలో వాళ్లు కొంత వాదించుకున్నారు. ముందు ఇస్తే మోతాదు 50 గ్రేలు (గ్రే అంటే రేడియేషను కొలత) చాలు, తరువాత అయితే 60 దాటుతుంది, ఎక్కువ మోతాదుకు చేయి బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. కానీ కెనడాలో జరిగి 2002లో వెలువడిన పరిశోధనలో ముందు రేడియేషను తీసుకున్నవాళ్లలో 35 శాతం మందికి గాయం మానడంలో ఇబ్బందులు వచ్చాయి, తరువాత తీసుకున్నవాళ్లలో 17 శాతం మందికే వచ్చాయి. మా బావమరిదికి ఇప్పటికే మానని పుండు ఉంది గనుక ఆపరేషను తరువాతే అని తేల్చారు. కీమోథెరపీ ఈ రకానికి అంతగా పనిచేయదని, జబ్బు ఇతర చోట్లకు పాకినవాళ్లకే ఆలోచిస్తామని మందుల డాక్టరు రెండు మాటల్లో ముగించారు.

ఇంత బాగా ఆలోచించినవాళ్లు, వేలు పోతుందన్న మాటను మాత్రం రోగికి వరండాలో నిలబెట్టి ఒక్క వాక్యంలో చెప్పారు. చేతిపని మీద బతికే మనిషికి ఆ మాట కూర్చోబెట్టి, ఇంటివాళ్ల ఎదుట చెప్పవలసినది. అంగీకార పత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. నేను చదివి తెలుగులో చెప్పగలిగాను, పక్క మంచం మీద అచ్చంపేట నుంచి వచ్చిన ముసలాయనకు అలా చదివిపెట్టేవాళ్లు లేక నర్సు చూపిన చోట వేలిముద్ర వేశాడు. తెలంగాణ జిల్లాల నుంచే సగానికి పైగా రోగులు వచ్చే ఆసుపత్రిలో ఈ కాగితం తెలుగులో, ఉర్దూలో ఉంచడం ఎంత పని?

ఆపరేషను గురించి రోగి బంధువు సమీక్షించగలిగింది తక్కువ. తరువాత సర్జన్ గారు చెప్పినవాటిలో రెండు మూడు విషయాలు రాయదగినవి. మామూలు చేతి ఆపరేషన్లలో రక్తం కనబడకుండా ఉండేందుకు వేళ్ల కొసల నుంచి పైకి రబ్బరు పట్టీని బిగించి చుడతారు. ఇక్కడ అది చేయరు, గడ్డను పిండినట్టయి కణాలు రక్తంలోకి పోవచ్చు. చేతిని కొంతసేపు పైకెత్తి ఉంచి, ఆ తరువాత పైచేతి మీద గాలిపట్టీ బిగిస్తారు. తొడ నుంచి చర్మం తీసే బృందానికి వేరే పరికరాలు, వేరే గ్లౌజులు. అరచేతిలో వాడిన కత్తి తొడకు తగలకూడదు. తీసిన ముక్క ఏ అంచు ఏ దిక్కున ఉండేదో పాథాలజిస్టుకు తెలియడానికి ఒక అంచుకు పొట్టి దారం, మరో అంచుకు పొడుగు దారం కుట్టి పంపారు. ఈ సంగతి విని మా బావమరిది, చిటికిలో తామూ పోగుల వరస తప్పకుండా ఇలాగే గుర్తు కట్టుకుంటామని సర్జన్ గారితో అన్నాడు. ఆయన నవ్వి, మరి నువ్వు నేసేదానిలో తప్పు వస్తే విప్పుకోవచ్చు కదా అన్నారు. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయని, ఎముక వైపు అంచు మాత్రం దగ్గరగా ఉందని, చంక గ్రంథిలో జబ్బు లేదని తుది రిపోర్టు వచ్చింది.

గాయం మానిన తరువాత రేడియేషను వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలకు పైగా సాగింది. నల్గొండ నుంచి రోజూ తిరగడం అయ్యే పని కాదు. మేము ఎల్బీనగర్‌లో బంధువుల గదిలో ఉండి నడిపించాము. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపువాళ్లు చాలామంది ఆసుపత్రి ఎదుటి లాడ్జీల్లో ఉన్నారు. ఉచిత వసతి ఒకటి ఉందని చివరి వారంలో గానీ మాకు తెలియలేదు, మొదటి రోజే సామాజిక కార్యకర్త గదికి వెళ్లి అడగండి. మెషీను దగ్గర పనిచేసే టెక్నీషియన్ల పద్ధతి మెచ్చుకోదగ్గది. చేయి ప్రతిరోజూ అదే కోణంలో ఉండేందుకు దాని అచ్చు తీసి, మిగిలిన వేళ్లకు అనవసరంగా కిరణాలు తగలకుండా విడదీసి పెట్టేవారు.

ఖర్చు సంగతి. మన తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. ఈ పథకం 2007లో మొదట ప్రవేశపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటని పాలమూరువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మాకు ఆపరేషను, రేడియేషను ఆరోగ్యశ్రీలోనే జరిగాయి. అనుమతి రాకముందు బయట చేయించిన ఎమ్మారై, ప్రత్యేక పాథాలజీ పరీక్షల ఖర్చు మాత్రం మా చేతినుంచే పోయింది. ఆరోగ్యశ్రీ కౌంటరులో ఉన్న అమ్మాయి ఓపికగా, ఏ కాగితం తక్కువైందో చీటీ మీద రాసి ఇచ్చేది. ప్రభుత్వరంగంలోనే చూపించుకోవాలనుకునేవాళ్లకు రెడ్‌హిల్స్‌లో ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి, ఉమ్మడి నల్గొండ జిల్లా పరిధిలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఎక్కడికి వెళ్లినా సార్కోమా కేసులను ట్యూమర్ బోర్డులో పెడతారా, చేతి పునర్నిర్మాణం చేసే ప్లాస్టిక్ సర్జను అక్కడే ఉన్నారా అని ముందుగా అడగండి.

నాలుగు మార్కుల దగ్గర ఆగిపోవడానికి ముఖ్యకారణం ఫిజియోథెరపీ. పక్షవాతం వచ్చినవాళ్లకూ, మోకాలి ఆపరేషను అయినవాళ్లకూ, చేయి పోయినవాళ్లకూ ఒకే గది, ఒకే థెరపిస్టు. ఆయన మంచివాడే, చేతి వ్యాయామాల్లో ప్రత్యేక శిక్షణ మాత్రం లేదు. రేడియేషను మొదలైన తరువాత మిగిలిన వేళ్లు ఉదయాన్నే కర్రల్లా బిగుసుకుపోయేవి, ఆ దశలోనే రోజుకు పలుమార్లు వంచి చాచే వ్యాయామం చేయించాలి. వేళ్లను సరైన కోణంలో పట్టి ఉంచే ప్లాస్టిక్ బద్ద ఆసుపత్రిలో దొరకక, బయట ఒక కేంద్రంలో చేయించుకున్నాము. అరచేతిలోకి తెచ్చిన తొడచర్మం బొద్దుగా ఉండి పిడికిలి పూర్తిగా మూయనివ్వదని, తరువాత మరో చిన్న ఆపరేషనుతో పలుచన చేయవలసి రావచ్చని ముందే చెప్పి ఉంటే మేము కంగారుపడేవాళ్లం కాదు. ఇంకొకటి. ఇంటికి వచ్చిన కొత్తలో ఒక రాత్రి అతను నన్ను లేపి, "లేని వేలు దురద పెడుతోంది బావా, ఎక్కడ గోకాలి?" అన్నాడు. అవయవం తీసినవాళ్లలో ఇది తరచుగా వచ్చేదేనని, తగ్గించడానికి మందులు, అద్దం ఎదుట చేయించే అభ్యాసాలు ఉన్నాయని తరువాతి విజిట్‌లో నేను అడిగితేనే చెప్పారు. డిశ్చార్జి కాగితంలో ఒక పంక్తి రాస్తే సరిపోయేది.

ప్రస్తుతం అడ్డపోగును తీసుకుపోయే నాడెను విసిరే తాడును కుడిచేత్తోనే లాగుతున్నాడు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు బాగానే కలుస్తున్నాయి, బిందె మోయడం కష్టం, చిటికి ముడులు మా చెల్లెలు, అంటే అతని భార్య, వేస్తున్నది. మొదటి రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ తరువాత ఏడాదికోసారి చూపించుకోవాలి. ఈ జబ్బు చాలా ఏళ్ల తరువాత కూడా తిరిగి రావచ్చు గనుక ఐదేళ్లతో ఫైలు మూయరు. ప్రతిసారీ చేయి, మోచేయి, చంక తడిమి చూస్తారు, ఛాతీ స్కాను అడుగుతారు. ఆ స్కానును నల్గొండలోనే తీయించి సీడీ తెస్తే చాలునని విభాగంవాళ్లు ఒప్పుకున్నారు. ఛాతీ ఎక్స్‌రేతో సరిపెట్టుకోకుండా సీటీ పలుచని పొరలతో తీయమని చీటీ మీద రాయించుకుని వెళ్లండి, రాయకపోతే ఇక్కడి సెంటరువాళ్లు మామూలు మందంతో తీస్తారు, చిన్న మచ్చలు తెలియవని హైదరాబాదులో మళ్లీ తీయిస్తారు.